ఇంజన్ బుగ్గ

పొద్దున తాళం తిప్పగానే మీటరు అద్దంలో దీపాలన్నీ ఒకసారి వెలిగాయి. ఇంజను అందుకున్నాక ఒక్కొక్కటే ఆరిపోయాయి. ఒకటి మాత్రం ఆరలేదు. ఇంజను బొమ్మ ఉన్న చిన్న పసుపు దీపం. మా వైపు బల్బును బుగ్గ అంటారు, అందుకే డ్రైవర్లం దాన్ని ఇంజన్ బుగ్గ అంటాం.

గోదావరిఖనిలో ఈ బుగ్గ వెలిగే బండ్లు వాడవాడకూ ఉంటాయి. బండి నడుస్తుంటే చాలు, బుగ్గ దాని పాటికది వెలుగుతుందని వదిలేస్తారు. నేనూ వదిలేసేవాణ్ణే. కానీ నా కారు ఎక్కే మనిషి ఓపెన్‌కాస్ట్ గనికి సేఫ్టీ ఆఫీసరు. పేరు భీమశంకరం. కాకినాడ వైపు నుంచి వచ్చినాయన. మెట్లు దిగేటప్పుడు కూడా పక్కన కమ్మీ గట్టిగా ఉందా లేదా అని ఊపి చూసి దిగే రకం.

రోజూ ఆయన్ని సెంటినరీ కాలనీ క్వార్టర్ దగ్గర ఎక్కించుకుని గనికి తీసుకుపోవాలి. ఆ రోజు బుగ్గ చూసి ఫోన్ చేశాను.

"సార్, జరంత లేటైతది. ఇంజన్ల పచ్చ లైటొచ్చింది."

"పచ్చదేగా! పచ్చదైతే భయమెందుకయ్యా, వచ్చెయ్."

మేం పసుపు రంగును పచ్చ అంటాం. వాళ్ళ వైపు పచ్చ అంటే ఆకు రంగట. నాకెట్లా తెలుస్తుంది? కారు తీసుకుని పోయాను. ఆయన తలుపు తీసి, ఒక కాలు లోపల పెట్టి, మీటరు వైపు చూసి, పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"ఇది పచ్చా?"

"పచ్చనే గద సార్. పసుపుకొమ్ము తీర్గ లేదా?"

"పసుపైతే పసుపని చెప్పాలి. సరే, ఎందుకు వెలుగుతోంది?"

"గట్లనే వస్తది సార్. మళ్ళ పోతది."

"అదే, ఎందుకొస్తుంది, ఎందుకు పోతుంది?"

"ఏమో సార్."

"భూగర్భ గనిలో గ్యాసు చూసే దీపం గురించి ఎవడైనా ఏమో అంటే, మనుషుల్ని లోపలికి పంపిస్తారా? కారణం తెలుసుకుని రా. తెలిశాకే ఎక్కుతాను."

ఆఫీసు జీపు పిలిపించుకుని వెళ్ళిపోయాడు. కాలనీ గేటు దగ్గర నేనూ, ఆ బుగ్గా మిగిలాం.

నా కారు కంపెనీకి నెలవారీ కిరాయి మీద నడుస్తుంది. ఓనరూ నేనే, డ్రైవరూ నేనే. మా నాయన బొగ్గు బాయిలో పనిచేసి పనిచేసి ఊపిరి పాడుచేసుకుంటే, ఆయన నౌకరీ చదువుకున్న మా తమ్ముడికి వచ్చింది. నేను ఏడో తరగతిలో బడి మానేసి లారీ మీద క్లీనరుగా పోయినవాణ్ణి. పెద్దకొడుకు ఒకడున్నాడని ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. తమ్ముడిప్పుడు కంపెనీ క్వార్టర్లో ఉంటాడు, పండుగకు బోనస్ గురించి నా ముందే మాట్లాడతాడు. గని గేటు లోపలికి పోవడానికి నాకున్న దారి ఈ కారొక్కటే. ఈ డ్యూటీ పోతే ఇంకో డ్యూటీ దొరకదు. జగదీశ్వర్ అనేవాడు తన కొత్త కారును రోజూ కడిగి, ఆఫీసు ముందున్న చెట్టు నీడలో నిలబెట్టి, ఎవరి బండి ఆగిపోతుందా అని చూస్తుంటాడు. నన్ను చూసినప్పుడల్లా నమస్తే కూడా పెడతాడు.

మార్కెట్ వెనక సందులో గులాం అలీ షెడ్డు. లారీల కాలం నుంచి నాకూ ఆయనకూ దోస్తానా. ఆయన దగ్గర చేతిలో పట్టే మిషన్ ఒకటుంది. దాని వైరు స్టీరింగ్ కింద ఉన్న సాకెట్లో పెడితే బండికి ఏం నొప్పో ఇంగ్లీషులో చెబుతుంది.

"ఏమంటున్నది అలీ భాయ్?"

"గాలి అంటున్నది."

"ఏం గాలి?"

"ఇంజన్లకు పోయే గాలి. ఆ గాలిని కొలిచే సెన్సరుంటది. దాని లెక్క తప్పుతున్నదట. దుమ్ము కూసున్నట్టున్నది."

"దుమ్ము గాక పూలు కూసుంటయా? నేను తిరిగేది బొగ్గు గనిల."

"అరె, గందుకే అడుగుతున్న. ఫిల్టర్ సాఫ్ చేస్తున్నవా లేదా?"

ఆ మాటకు నాకు మండింది. ఎందుకంటే ఆ పని నేను చేసినట్టు ఈ ఊళ్ళో ఎవడూ చెయ్యడు. పొద్దున ఆఫీసర్లు మీటింగులో ఉన్నంతసేపు డ్రైవర్లందరం గనిలోని టైర్ షెడ్డు దగ్గర ఉంటాం. అక్కడ టిప్పర్ల టైర్లకు గాలి కొట్టే పెద్ద కంప్రెషర్ ఉంది. బానెట్ లేపి, ఎయిర్ ఫిల్టరు తీసి, ఆ గొట్టంతో గాలి కొడితే మడతల్లో ఇరుక్కున్న బొగ్గు దుమ్మంతా నల్లటి పొగలాగా ఎగిరిపోతుంది. కొందరు వారానికోసారి కొడతారు. నేను రోజూ కొడతాను.

"నా ఫిల్టరు అద్దం లెక్క ఉంటది భాయ్. నా మొఖమన్న కడుక్కోకుంట ఉంట గని, ఫిల్టరుకు గాలి కొట్టకుంట ఉండ."

"మొఖం సంగతి కనవడుతనే ఉన్నది," అని గులాం అలీ పెట్టె మూత లేపి చూశాడు. ఫిల్టరు నిజంగానే తెల్లగా ఉంది. "మాషా అల్లా, గనిల తిరిగే బండిల ఇంత సాఫ్ ఫిల్టర్ నేను సూడలే," అని మూత పెట్టేశాడు. తర్వాత సెన్సరు విప్పి, దాని మీద మందు కొట్టి, ఆరబెట్టి బిగించాడు. మిషన్‌తో బుగ్గను ఆర్పాడు.

సెన్సరు మీద దుమ్ము పడింది సార్, తుడిపించాను అని భీమశంకరం సార్‌కు చెప్పాను. ఆయన కారెక్కాడు. ముందు సీట్లో కూర్చున్నాడు, మీటరు కనబడేలాగా.

వారం తిరగకుండా బుగ్గ మళ్ళీ వెలిగింది. నేను టైర్ షెడ్డు దగ్గర ఉన్నప్పుడు వెలిగింది కాబట్టి ఆయన చూడలేదు. ఆగయ్య చూశాడు. ఆగయ్యది సర్వే ఆఫీసరు కారు. నాకు దూరపు చుట్టం, వరసకు బావమరిది.

"బావా, నీ కార్ల దీపం పెట్టుకున్నవేంది? పొద్దుగాలనే?"

"నోర్ముయ్."

"నాకేందే. నా కార్ల గూడ ఉంటది గా బుగ్గ. మా సారు అది డిజైన్ అనుకుంటడు. నీ సారు సేఫ్టీ సారాయె. నీ తలరాత."

ఫిల్టరు తీసి గాలి కొట్టాను. దుమ్ము వల్లే వస్తుందని అలీ భాయ్ చెప్పాడు కదా. రోజూ కొట్టేదానికంటే ఎక్కువసేపు కొట్టాను. గొట్టం మూతి కాగితానికి ఆనించి, ఒక్కో మడతా వెతికి వెతికి కొట్టాను.

"చాలియ్యే బావా, అది ఫిల్టరు. బర్రెను కడిగినట్టు కడుగుతున్నవ్," అన్నాడు ఆగయ్య.

సాయంత్రం గులాం అలీ సెన్సరు మళ్ళీ తుడిచాడు. ఈసారి ఇంకా తొందరగా వెలిగింది. కొత్త సెన్సరు వేశాడు. కొత్త సెన్సరుతో నాలుగు రోజులు ఊపిరి పీల్చుకున్నానో లేదో మళ్ళీ వెలిగింది. వైర్లన్నీ విప్పి చూశాడు. పైపులు బిగించాడు. ఎలుక కొరికిందేమో అని పడుకుని కింద నుంచి చూశాడు. ఏమీ దొరకలేదు. బుగ్గ వెలగడం, ఆర్పించడం, ఇంకా గట్టిగా గాలి కొట్టడం. అదే పనైపోయింది నాకు. సార్‌కు రోజుకో కారణం చెప్పాను. వైరు అన్నాను. పైపు అన్నాను. ఆయన ప్రతిసారీ "అవునా?" అని మాత్రం అనేవాడు. ఆ అవునా వింటే నాకు ఒళ్ళంతా కారం రాసుకున్నట్టుండేది.

ఇంటి దగ్గర మా ఆవిడ మోకాళ్ళకు నూనె రాసుకుంటూ అన్నది, "ఆ కారును సూపెట్టినంత మంది డాక్టర్లకు నన్ను సూపెట్టలే. ఏమయ్యా, నాకు గూడ ఓ బుగ్గ పెట్టియ్యరాదు? నొచ్చినప్పుడు వెలుగుతది, జల్ది దవాఖానకు తోల్కపోతవు."

"నువ్వు బుగ్గ లేకున్న మోగుతనే ఉంటవు గద," అన్నాను. ఆ రాత్రి అన్నం నన్నే పెట్టుకోమన్నది.

చివరికి గులాం అలీ చేతులు తుడుచుకుని, "కరీంనగర్ షోరూంకు పో భాయ్. వాళ్ళ దగ్గర పెద్ద మిషనుంటది," అన్నాడు. పోయాను. అక్కడ అద్దాల గదిలో కూర్చోబెట్టారు. గది చల్లగా ఉంది, కాఫీ ఇచ్చారు, నా చెప్పుల నల్లటి అచ్చులు వాళ్ళ తెల్లటి నేల మీద తలుపు నుంచి కుర్చీ దాకా పడ్డాయి. మెడలో టై కట్టుకున్న ఒక పిల్లగాడు వచ్చి, "డ్రైవర్ గారూ, ఓనర్‌తో ఒకసారి మాట్లాడించండి," అన్నాడు.

"ఓనర్ను నేనే. మాట్లాడు."

వాడు నన్ను కిందికీ పైకీ చూసి, సారీ సార్ అని, ఒక చిట్టా చదివాడు. సాఫ్ట్‌వేర్ పాతదైందట, కొత్తది ఎక్కిస్తారట. "ఎయిర్ ఫిల్టర్ కూడా మార్చమంటారా సార్? మార్చి చాలా రోజులైనట్టుంది."

"ఎందుకు మార్చాలె? తీసి సూసినవా అసలు?"

"చూశాం సార్. క్లీన్‌గానే ఉంది. అయినా..."

"క్లీన్‌గ ఉన్నదంటవు, మారుస్తనంటవు. తెల్లగున్నదాన్ని తీసేసి ఇంకో తెల్లదాన్ని పెడుతవా? ఏడు సదివిన అని నన్ను ఎడ్డోన్ని చేస్తున్నవా? ఆ ఫిల్టరుకు చెయ్యి పెడితే మంచిగుండదు."

గదిలో కాఫీ తాగుతున్నవాళ్ళంతా నా వైపు తిరిగారు. తిరిగితే తిరగనీ. ఈ టై కట్టుకున్నవాళ్ళు చేసేదంతా దోపిడే అని నాకు ముందు నుంచీ తెలుసు. వాడు ఫిల్టరు ముట్టలేదు. సాఫ్ట్‌వేర్ ఎక్కించి, బుగ్గ ఆర్పి, కారు కడిగి ఇచ్చాడు. పెద్దపల్లి దాటేదాకా మీటరు వైపు చూసుకుంటూ వచ్చాను. వెలగలేదు.

ఆ వారమే టైర్ షెడ్డు కంప్రెషర్ మోటారు కాలిపోయింది. రిపేరుకు పంపారు. గాలి కొట్టే దిక్కు లేక డ్రైవర్లందరూ తిట్టుకున్నారు. ఆగయ్య తన ఫిల్టరును రాయికేసి బాదుతుంటే మసి కుప్పలాగా రాలేది, వాడి ప్యాంటు మోకాళ్ళ దాకా నల్లబడేది. నేను మాత్రం ముట్టుకోలేదు. షోరూం వాడు బాగు చేసి ఇచ్చినదాన్ని మళ్ళీ ఎందుకు కెలకడం అనుకున్నాను.

శుక్రవారం గని నుంచి బయటికి వస్తుంటే, సార్ పక్కన లేని వేళ చూసుకుని, బుగ్గ వెలిగింది.

కారు పక్కకు ఆపి స్టీరింగ్‌ను రెండు చేతులతో గుద్దాను. హారన్ మోగింది. ముందు పోతున్న ముసలాయన ఉలిక్కిపడి, సైకిల్ ఆపి, తిట్టి పోయాడు. కరీంనగర్ దాకా పోయి, అద్దాల గదిలో అవమానపడి వచ్చింది దీనికోసమా? ఆగయ్యకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానో తెలియదు. వినడానికి వేరే ఎవరూ లేరు.

"బావా, నువ్వు రోగానికి మందు ఏస్తున్నవు. నోరు మూసే మందెయ్యి," అన్నాడు. "కార్లల్ల పాటల డబ్బాలు బిగిస్తడు సూడు, కిషన్. మీటరు ఇప్పి, ఆ బుగ్గ ముందట నల్లటేపు అంటిస్తడు. దాని తాత గూడ కనవడడు. సగం గోదావరిఖని గట్లనే తిరుగుతున్నది."

కిషన్ టీ తాగినంతసేపట్లో పని చేసి ఇచ్చాడు. మీటరు నున్నగా, ఏ రోగమూ లేనట్టు ఉంది. ఇన్ని రోజులు ఎందుకు తిప్పలు పడ్డాను అనిపించింది. తిన్నగా ఇంటికి పోయి, చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

మర్నాడు పొద్దున భీమశంకరం సార్ ముందు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. తాళం తిప్పాను. ఇంజను అందుకుంది. గేరు వెయ్యబోతుంటే ఆయన చెయ్యి ఎత్తాడు.

"ఆగు. ఇంజను ఆపి, మళ్ళీ తాళం తిప్పు."

తిప్పాను. దీపాలు వెలిగాయి.

"ఇంజన్ దీపం ఏదీ?"

"పోయింది సార్. బాగైంది. షోరూంల చేపిచ్చిన."

"బాగైతే ఆరాలి. ఆరాలంటే ముందు వెలగాలి కదయ్యా. తాళం తిప్పగానే అన్నీ వెలిగేది ఎందుకు? అవి పనిచేస్తున్నాయని చెప్పడానికి. భూగర్భ గనుల్లో షిఫ్టుకు ముందు దీపం వెలిగించి చూడకుండా ఎవరినీ దింపరు. దీనికేం చేశావ్?"

ఆయన మీటరు అద్దం దగ్గరికి ముఖం పెట్టి, మూలన టేపు అంచు మెరవడం చూశాడు. బెల్టు తీసేశాడు. కోపంగా అరిచినా బాగుండేది. ఆయన మెల్లగా మాట్లాడాడు.

"ఇన్నాళ్ళూ నీకు కారణం తెలియట్లేదు అనుకున్నాను రాయమల్లూ. తెలియకపోవడం తప్పు కాదు. ఇది వేరే. సోమవారం పొద్దున కారణం చెప్తే నీ కారు. చెప్పలేకపోతే జగదీశ్వర్ కారు. ఇంకేం మాట్లాడొద్దు."

మళ్ళీ జీపు వచ్చింది. నా పేరు ఆయనకు గుర్తుందని ఆ రోజే తెలిసింది నాకు.

ఆదివారం గులాం అలీ షెడ్డు మూసి ఉంటే ఇంటికి పోయి లేపుకొచ్చాను. ఆయన భార్య సర్వరీ బేగం తలుపు దగ్గర నిలబడి, "భాయ్‌జాన్, ఆ కారును నదిల తోసెయ్యరాదు? ఆయనకు నిద్రల గూడ అదే కలవరింత," అన్నది. నదిలో తోయాలని నాకూ ఉంది.

షెడ్డులో టేపు పీకేశాము. బుగ్గ ఎప్పట్లాగే వెలుగుతోంది. మిషన్ పెట్టాడు.

"గాలి," అన్నాడు.

"నీ తల్కాయ గాలి! ఎన్నిసార్లు చెప్తది అదే మాట?"

"అది చెప్పేది అదే. నేనేం చెయ్యాలె? సెన్సర్ మార్చిన, వైర్ చూసిన, పైప్ చూసిన. నీ గని దుమ్ముకు నా దగ్గర దవా లేదు భాయ్. ఛోడ్‌దో. అమ్మెయ్ ఈ బండిని."

"నా బండిల దుమ్మెక్కడిది? అందరు బండ్లల్ల దుమ్ముంటది, నా బండిల ఉండది. సూడు!"

కోపంతో ఫిల్టరు పెట్టె క్లిప్పులు లాగి, ఫిల్టరు బయటికి తీసి, ఆయన కళ్ళ ముందు నేలకేసి కొట్టాను. ఒకసారి, రెండోసారి. కొంచెం బూడిద లేచింది. అంతే.

"సూసినవా? సూడు! దుమ్ము ఉన్నదా?"

గులాం అలీ నేల వైపు చూశాడు.

"నిన్న కొట్టినవా గాలి?"

"ఏడికెల్లి కొడుత? వారమాయె కంప్రెషర్ కరాబై. అందరు ఏడుస్తున్నరు. ఆగయ్యది ఫిల్టరు బాదితే బొగ్గు కుప్ప..."

నా నోట్లో నుంచి వచ్చిన మాటే నాకు అడ్డం పడింది. వారం రోజులు ఆగయ్య కారూ నా కారూ ఒకే గనిలో, ఒకే దుమ్ములో తిరిగాయి. వాడి ఫిల్టరులో కుప్ప రాలింది. నాది ఎవరూ దులపలేదు. అయినా తెల్లగా ఉంది.

"మరి దుమ్ము యాడికి పోయింది?" అన్నాడు గులాం అలీ.

ఫిల్టరు ఇవతల ఉండాల్సిన దుమ్ము ఇవతల లేదు. నేను వంగి, ఫిల్టరు అవతల, ఇంజను వైపు పోయే పైపు నోట్లో వేలు పెట్టి తిప్పి తీశాను. వేలు కణుపు దాకా నల్లగా వచ్చింది. అక్కడ ఉండాల్సింది వడగట్టిన గాలి.

గులాం అలీ ఫిల్టరు తీసుకుని రెండు చేతులతో సాగదీశాడు. కాగితం మడతలకూ చుట్టూ ఉన్న రబ్బరు అంచుకూ మధ్య అతుకు ఒకవైపు పొడుగునా ఊడిపోయి ఉంది. వదిలితే మూసుకుంటుంది, లాగితే నోరు తెరుస్తుంది. పెట్టెలో పెడితే ఏ కంటికీ కనబడదు. గాలి కాగితం జోలికి పోకుండా ఆ సందులోంచి దుమ్ముతో సహా లోపలికి పోతోంది. అందుకే కాగితం తెల్లగా ఉంది.

"కితనా మారే భాయ్? ఎంత గాలి కొట్టినవ్?" అన్నాడాయన. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. "టిప్పర్ టైర్లకు కొట్టే గాలి! కాగితానికి! దుమ్ము ఎక్కువైందని ఇంకింత కొడుతివి. ఇంకింత ఊడింది. ఇంకింత దుమ్ము పోయింది. నువ్వు ఇంకింత కొడుతివి..."

"నవ్వకు."

"నవ్వకపోతే ఏడ్వాల్నా?"

"నువ్వెందుకు సూడలే మరి? నువ్వు మెకానిక్‌వా, నేను మెకానిక్‌నా?"

"ముట్టనిచ్చినవా? ఫిల్టర్ అంటె మీదికొస్తివి. అద్దం లెక్క ఉంటదంటివి. నిజంగనే అద్దమే గద అని మూత పెట్టిన. నా తప్పే. నీ మాట నమ్ముడు నా తప్పే."

షోరూం పిల్లగాడు గుర్తొచ్చాడు. ఆ రోజు వాణ్ణి వాడి పని చెయ్యనిచ్చి ఉంటే కథ అక్కడే అయిపోయేది. ఆ సంగతి గులాం అలీకి చెప్పలేదు. చెబితే ఇంకో గంట నవ్వుతాడు.

పైపు కడిగి, సెన్సరు తుడిచి, కొత్త ఫిల్టరు వేశాం. బుగ్గ ఆరింది. పెద్దపల్లి దాకా పోయి వచ్చినా వెలగలేదు. నాకు సంతోషం కలగాలి. కలగలేదు. రేపు పొద్దున ఆ మనిషికి కారణం చెప్పాలి.

దారంతా కారణాలు అల్లుకున్నాను. ఫిల్టరు కంపెనీ వాడు జిగురు సరిగ్గా పెట్టలేదు. షోరూం వాడు బిగించేటప్పుడు లాగాడు. ఎండకు ఊడింది. ఏదైనా అతికేట్టే ఉంది. కాలనీలో కారు ఆపి, పాత ఫిల్టరు చేతిలో పట్టుకుని నిలబడ్డాను. కొంచెం దూరంలో జగదీశ్వర్ కారు కూడా ఆగి ఉంది. సారే రమ్మన్నాడో, వాడే వచ్చాడో. నమస్తే పెట్టాడు.

సార్ వచ్చాడు.

"చెప్పు."

"ఫిల్టరు అంచు ఊడింది సార్. దుమ్ము సక్కగ లోపటికి పోయింది. సెన్సరు మీద కూసున్నది. అందుకే బుగ్గ." ఊడిన సందు లాగి చూపించాను.

ఆయన చేతిలోకి తీసుకుని చూశాడు. "ఎలా ఊడింది?"

"గాలికి సార్."

"ఏ గాలికి?"

అల్లుకొచ్చిన కారణాలన్నీ నాలుక మీదే ఉన్నాయి. కానీ ఆయన మళ్ళీ అవునా అంటాడేమో అన్న భయం వాటికంటే పెద్దదైంది.

"టైర్ షెడ్డు కంప్రెషర్ గాలికి సార్. దుమ్ము పోవాలెనని నేనే కొట్టిన. రోజూ."

"టిప్పర్ టైరుకు పెట్టే గాలి?"

"అందరు కొడుతరు సార్."

ఆ మాట ఎందుకన్నానంటే, నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణి కాదని ఆయనకు తెలియాలని. అంతే. వేరే ఉద్దేశం ఏమీ లేదు. ఆయన ఫిల్టరు మీంచి తలెత్తాడు.

"అందరూనా? ఎవరెవరు?"

"అంటే... డ్రైవర్లు సార్. పేర్లంటే... అందరు."

"ఊఁ." ఆయన ఫిల్టరు నాకు తిరిగి ఇవ్వలేదు. సంచిలో పెట్టుకుని కారెక్కి, తాళం తిప్పమన్నాడు. దీపాలన్నీ వెలిగాయి. ఇంజన్ బుగ్గ కూడా వెలిగి, ఇంజను అందుకోగానే ఆరిపోయింది. బెల్టు పెట్టుకున్నాడు. జగదీశ్వర్ కారు వెనక్కి తిప్పుకున్నాడు. నా డ్యూటీ నాకు దక్కింది.

అదే రోజు మధ్యాహ్నం టైర్ షెడ్డు గోడ మీద కాగితం అంటించారు. టిప్పర్ టైర్లకు తప్ప వేరే దేనికీ కంప్రెషర్ వాడరాదు, ఒత్తిడి గాలితో ఫిల్టర్లు శుభ్రం చేయడం ప్రమాదకరం, ఇట్లు సేఫ్టీ ఆఫీసర్. కాగితం పక్కన మేకుకు నా పాత ఫిల్టరు వేలాడదీశారు, ఊడిన సందు అందరికీ కనబడేలాగా పుల్ల అడ్డం పెట్టి. అప్పుడే రిపేరై వచ్చిన కంప్రెషర్ గొట్టం చివర తాళం వేసి ఉంది.

డ్రైవర్లు నా చుట్టూ చేరారు. ఒకడు అడిగాడు, "ఈ ఫిల్టరు ఎవరిదన్నా?" అడిగినవాడికీ తెలుసు.

"నీ బుగ్గ ఆర్పుకునేతందుకు మా అందరి గాలి బంద్ చేపిస్తివా బావా?" అన్నాడు ఆగయ్య. వాడి నోట్లో ఈసారి నవ్వు లేదు. "సారు అడిగితె నువ్వు నీ సంగతి చెప్పుకో. మా పేరెందుకు?"

"నీ పేరు చెప్పలే. ఎవ్వరి పేరు చెప్పలే."

"అందరు అన్నవట గద, జగదీశ్వర్ చెప్పిండు. అందర్ల నేను లేనా?"

"మంచికేనే ఆగయ్యా. నీది గూడ తీసి అంచు లాగి సూడు. ఊడే ఉంటది. అందుకే నీ బుగ్గ గూడ వెలుగుతున్నది. ఒక్కసారి సూడు."

"నా బుగ్గతోని నీకేంది? మా సారుకు లేని నొప్పి నీకెందుకు?" అని వాడు పోయాడు. మిగతావాళ్ళూ పోయారు. టీ బండి దగ్గర నాకు చోటు ఇవ్వడానికి ఎవరూ జరగలేదు. నిలబడి తాగి వచ్చాను. పదిమంది బాగుకు చెప్పిన మాట ఈ ఊళ్ళో ఎప్పుడు చెల్లింది గనుక.

తర్వాత కొన్ని రోజులకు సార్‌ను తీసుకుని ఖని చౌరస్తా మీదుగా పోతున్నాను. బొగ్గు లారీలు అడ్డం పడి బండ్లన్నీ ఆగిపోయాయి. పక్కనే పంక్చర్ల దుకాణం. దాని ముందు ఆగయ్య కారు, బానెట్ లేపి ఉంది. ఆగయ్య ఒక చేత్తో ఫిల్టరు, ఇంకో చేత్తో గాలి గొట్టం పట్టుకుని నిలబడ్డాడు. ఫిల్టరులోంచి నల్లటి పొగ లేస్తోంది.

అద్దం దించాను.

"ఆగయ్యా, అంత దగ్గర పెట్టకు. అంచు ఊడుతది. దూరంకెల్లి కొట్టు."

వాడు నా వైపు చూశాడు. తర్వాత గొట్టం మూతి తెచ్చి కాగితానికి ఆనించి, మీట గట్టిగా నొక్కాడు. నొక్కినంతసేపూ నన్నే చూశాడు.

"ఎవరయ్యా?" అన్నాడు సార్, ఫోన్ లోంచి తలెత్తకుండానే.

"ఎవ్వలు లేరు సార్," అని అద్దం ఎక్కించాను.